అంతరిక్షంలో తప్పిపోయిన పిల్లవాడు
(మూడవ స్థాయి విద్యార్థులకు పాఠం, పెద్దలకు ఒక మాట)

పిల్లలూ! ఈ ఏడాది మన బడి సావనీరు కోసం ఒక పాఠం రాస్తున్నాను. ముందు ఒక కథ ఉంటుంది. అది కల్పితం. కథ తర్వాత చెప్పే విషయాలు మాత్రం నిజంగా జరిగినవి. చిన్న తరగతుల వాళ్ళకి అమ్మో నాన్నో చదివి వినిపించవచ్చు. చివర ప్రశ్నలూ, ఒక లెక్కా, ఇంట్లో చేయవలసిన పనీ ఉన్నాయి. పాఠం అన్నాక అభ్యాసాలు లేకుండా వదిలిపెడతానా?

1. కథ: చింటూ, పెట్టె

చింటూకి తొమ్మిదేళ్ళు. అమ్మానాన్నలతో కలిసి ఒక పెద్ద అంతరిక్ష నౌకలో ప్రయాణం చేస్తున్నాడు. ఆ నౌకకి పక్కన ఒక చిన్న పడవ తగిలించి ఉంది. ఆదివారం మధ్యాహ్నాలు చింటూ అందులో ఆడుకునేవాడు. ఒక ఆదివారం ఆడుకుంటూ ఆడుకుంటూ అక్కడే నిద్రపోయాడు.

ఆ సమయంలో నౌక రాళ్ళూ దుమ్మూ ఉన్న చోటు గుండా వెళ్ళింది. ఒక రాయి వచ్చి కొట్టింది. పడవ ఊడిపోయింది.

చింటూ లేచి కిటికీలోంచి చూశాడు. నౌక లేదు. అన్ని వైపులా చీకటి, నక్షత్రాలు. అంతే.

"అమ్మా!" అని గట్టిగా అరిచాడు.

"అరిచి లాభం లేదు. బయట గాలి లేదు. గాలి లేని చోట ధ్వని ప్రయాణం చేయదు" అంది పెట్టె.

పెట్టె అంటే పడవలో ఉన్న కంప్యూటరు. దానికి బాగా వచ్చిన భాష ఇంగ్లీషు ఒక్కటే. మిగతా భాషల్లో వందేసి మాటలు మాత్రం వచ్చు. చింటూ దానితో ఇంగ్లీషులోనే మాట్లాడతాడు. మీ కోసం నేను తెలుగులో రాస్తున్నాను.

"మీ ఇల్లు ఎక్కడ? చిరునామా చెప్పు, తీసుకువెళతాను" అంది పెట్టె.

"మా ఇల్లు అమ్మ దగ్గర" అన్నాడు చింటూ.

"అది చిరునామా కాదు."

చింటూకి ఏడుపు వచ్చింది. కాసేపు ఏడ్చాడు. పెట్టె ఏమీ అనలేదు. ఏడ్చే వాళ్ళతో ఏం మాట్లాడాలో దానికి ఎవరూ నేర్పలేదు. ఏడుపు ఆగాక చింటూకి ఒక సంగతి గుర్తుకొచ్చింది. కిందటేడు ఇండియా వెళ్ళినప్పుడు అమ్మమ్మ వాళ్ళ ఊరి తిరునాళ్ళకి వెళ్ళారు. అక్కడ ఇసక వేస్తే రాలనంత జనం. అమ్మ చింటూ చెయ్యి పట్టుకుని ఇలా చెప్పింది: "తప్పిపోతే ఆ వైపూ ఈ వైపూ పరిగెత్తకు. ఉన్న చోటే ఉండు. మేము వెతుక్కుంటూ వస్తాం. ఎవరైనా అడిగితే నీ పేరు, నాన్న పేరు, ఊరి పేరు చెప్పు. మైకులో పిలుస్తారు. విను."

"పెట్టే! మనం ఎటూ వెళ్ళవద్దు. పడవ ఊడిపోయినప్పుడు నౌక ఏ వైపు ఉంది?"

పెట్టె లెక్క కట్టి చెప్పింది.

"యాంటెన్నాని ఆ వైపు తిప్పు. నా పేరు, నాన్న పేరు, ఊరి పేరు రేడియోలో చెబుతూ ఉండు. మధ్యమధ్యలో ఆపి విను."

ఒక రోజు గడిచింది. ఏమీ వినపడలేదు. రెండో రోజు కూడా అంతే. మూడో రోజు పడవ గడియారంలో నాలుగు గంటలు అవుతుండగా స్పీకరులో గరగరమని చప్పుడు వచ్చింది.

"వచ్చింది సంకేతం కాదు, చెత్త. అర్థం లేదు. తుడిచేయమంటావా?" అంది పెట్టె.

"ఆగు! ఇంకోసారి వినిపించు."

గరగర... గరగర... "...న్నం తిన్నా... నాన్నా..." గరగర... "...ఇక్కడ పన్నెండయింది..."

చింటూ ఎగిరి గంతేశాడు. "తుడవకు! అది మా అమ్మ! అన్నం తిన్నావా నాన్నా అని అడుగుతోంది!"

"నాన్న అంటే తండ్రి అని నా నిఘంటువులో ఉంది. ఇది మీ తండ్రిగారికి వచ్చిన సందేశం కాబోలు" అంది పెట్టె.

"కాదు. నాన్నా అంటే ఇక్కడ నేనే."

పెట్టె ఒక్క క్షణం ఆగింది. తర్వాత, "సరే. వాళ్ళ గడియారంలో పన్నెండు అయినప్పుడు అన్న మాట, మన గడియారంలో నాలుగు అయినప్పుడు చేరింది. రెండు గడియారాలూ ఒకే సమయం చూపిస్తాయి. కాబట్టి వాళ్ళు ఎంత దూరంలో ఉన్నారో ఇప్పుడు చెప్పగలను. నువ్వు జవాబు చెప్పు. ఒక్క నిమిషం మాట్లాడడానికే బ్యాటరీ ఉంది" అంది.

చింటూ మైకు పట్టుకున్నాడు.

కథ ఇక్కడ ఆపుతున్నాను. మిగతాది మీరు రాయాలి. దాని కంటే ముందు, నిజంగా అంతరిక్షంలో తప్పిపోయిన ఒక పిల్లవాడి సంగతి చెబుతాను.

2. దిక్కు: రెండు డిగ్రీల పొరపాటు

ఆ పిల్లవాడి పేరు వాయేజర్ 2. మనిషి కాదు, నాసా వాళ్ళు 1977 ఆగస్టు 20న పంపిన వ్యోమనౌక. అది 1979లో గురుగ్రహాన్ని, 1981లో శనిని, 1986లో యురేనస్‌ని, 1989లో నెప్ట్యూన్‌ని దగ్గరగా చూసి, అలాగే ముందుకు వెళ్ళిపోయింది. యురేనస్, నెప్ట్యూన్‌ల దగ్గరికి ఈ రోజు వరకు వెళ్ళింది అదొక్కటే. 2018 నవంబరులో సూర్యుడి గాలి వీచే ప్రాంతాన్ని కూడా దాటిపోయింది.

దానికి 3.7 మీటర్ల వెడల్పు గల పళ్ళెం లాంటి యాంటెన్నా ఉంది. ఆ పళ్ళెం ఎప్పుడూ భూమి వైపే చూస్తూ ఉండాలి. దాని రేడియో శక్తి సుమారు 23 వాట్లు. మన ఫ్రిజ్ తలుపు తీస్తే లోపల వెలిగే బల్బుతో పోల్చదగినంత. అంత చిన్న గొంతుతో మాట్లాడేటప్పుడు ముఖం మన వైపు ఉంటేనే వినపడుతుంది.

2023 జూలై 21న భూమి నుంచి కొన్ని ఆదేశాలు పంపారు. వాటిలో జరిగిన పొరపాటు వల్ల యాంటెన్నా భూమి నుంచి 2 డిగ్రీలు పక్కకి తిరిగిపోయింది. రెండు డిగ్రీలు ఎంత? గోడ గడియారంలో సెకన్ల ముల్లు ఒక్క సెకనులో 6 డిగ్రీలు జరుగుతుంది. అందులో మూడో వంతు! కానీ అప్పటికి వాయేజర్ 2 మన నుంచి దాదాపు 1,990 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉంది. అంత దూరం నుంచి రెండు డిగ్రీలు పక్కకి చూస్తే, చూపు భూమికి దాదాపు 70 కోట్ల కిలోమీటర్ల అవతల పడుతుంది. భూమికీ సూర్యుడికీ మధ్య దూరమే 15 కోట్ల కిలోమీటర్లు. ఎంత చిన్న తప్పు ఎంత పెద్దదైందో చూశారా?

మాటలు ఆగిపోయాయి. పిల్లవాడు చెప్పేది మనకి చేరదు, మనం చెప్పేది వాడికి చేరదు.

దూరపు నౌకలతో మాట్లాడడానికి నాసాకి భూమి మీద మూడు చోట్ల పెద్ద యాంటెన్నాలు ఉన్నాయి: అమెరికాలో గోల్డ్‌స్టోన్, స్పెయిన్‌లో మాడ్రిడ్, ఆస్ట్రేలియాలో కాన్‌బెర్రా. భూమి తిరుగుతున్నా ఏదో ఒకటి ఆకాశంలోని ఆ చోటుని చూస్తూ ఉండాలని అలా కట్టారు. అయితే వాయేజర్ 2 బాగా దక్షిణంగా దిగిపోయింది. దానితో మాట్లాడడానికి కాన్‌బెర్రా ఒక్కటే గతి. అక్కడ 70 మీటర్ల వెడల్పు గల యాంటెన్నా ఉంది.

ఆగస్టు 1న ఒక మంచి కబురు వచ్చింది. వాయేజర్ మాటలు కాదు గానీ, దాని రేడియో 'గుండె చప్పుడు' లీలగా వినపడింది. అందులో సమాచారం ఏమీ లేదు. కానీ పిల్లవాడు బతికే ఉన్నాడని తెలిసింది. దానితో ధైర్యం వచ్చి, కాన్‌బెర్రా నుంచి ఉన్న శక్తి అంతా పెట్టి "ఇటు తిరుగు" అని ఒక ఆదేశం పంపారు. ఇంజనీర్లు దానికి 'కేక' అని పేరు పెట్టారు. ఆ కేక చేరడానికి పద్దెనిమిదిన్నర గంటలు. విన్నదో లేదో మనకి తెలియడానికి ఇంకో పద్దెనిమిదిన్నర గంటలు. మొత్తం 37 గంటలు ఎదురుచూశారు. ఆగస్టు 4న వాయేజర్ మళ్ళీ మామూలుగా మాట్లాడడం మొదలుపెట్టింది.

ఇందులో నాకు బాగా నచ్చిన సంగతి ఇంకొకటి ఉంది. ఆ కేక వినపడకపోయినా పూర్తిగా ఆశ వదులుకోవలసిన పని లేదు. ఏడాదికి కొన్నిసార్లు తనంతట తనే సర్దుకుని ఇంటి వైపు తిరగమని ఆ నౌకకి ముందే నేర్పి ఉంచారు. 2023లో ఆ తేదీ అక్టోబరు 15. అంటే తప్పిపోయిన వాళ్ళని వెతకడానికి రెండు వైపులా పని ఉంటుంది. ఇంట్లో వాళ్ళు పిలుస్తూ ఉండాలి. పిల్లవాడికి కూడా ఇల్లు ఏ వైపో వెతుక్కోవడం తెలిసి ఉండాలి.

3. చిరునామా: రామాలయం వెనక వీధి

నౌకకి ఇల్లు ఏ వైపో ఎలా తెలుస్తుంది? దానికి రెండు గుర్తులు కావాలి. ఒకటి సూర్యుడు. ఒక్క సూర్యుడు చాలడు. సూర్యుడికి ఎదురుగా ముఖం పెట్టి కూడా బొంగరంలా గిరగిరా తిరగవచ్చు కదా! అందుకని పక్కన ఇంకో నక్షత్రాన్ని చూసుకుంటుంది. వాయేజర్‌లో ఈ పని చేసే పరికరానికి కనోపస్ అనే నక్షత్రం పేరు పెట్టారు. కనోపస్ ఎవరో కాదు, మన అగస్త్య నక్షత్రం! రాత్రి ఆకాశంలో సిరియస్ తర్వాత ఎక్కువ ప్రకాశంగా కనిపించేది అదే. వింధ్య పర్వతాన్ని తలవంచి ఉండమని చెప్పి, దక్షిణానికి వెళ్ళి, మళ్ళీ తిరిగి రాని అగస్త్య మహర్షి కథ మీరు కిందటేడు చదివారు. ఆయన పేరుతో మనం పిలిచే నక్షత్రమే, తిరిగి రాని ఈ నౌకకి దారి గుర్తు అయింది.

ఫిబ్రవరిలో రాత్రి తొమ్మిది ప్రాంతంలో విజయవాడలో దక్షిణం వైపు చూస్తే అగస్త్యుడు అడుగు భాగాన చక్కగా కనిపిస్తాడు. అమెరికాలో టెక్సాస్, ఫ్లోరిడా వంటి దక్షిణ రాష్ట్రాల వాళ్ళకి దిగంతానికి కాస్త పైన కనిపిస్తాడు. న్యూయార్క్, షికాగో వాళ్ళకి అసలు కనిపించడు. సెలవులకి ఇండియా వెళ్ళినప్పుడు చూడండి.

దిక్కు తెలిసింది, మరి చిరునామా? "మా ఇల్లు అమ్మ దగ్గర" అంటే పెట్టెకి అర్థం కాలేదు. అమెరికాలో చిరునామా అంటే ఇంటి నంబరు, వీధి పేరు, జిప్ కోడ్. మన ఊళ్ళలో ఎలా చెబుతారో మీ తాతయ్యని అడగండి. "రామాలయం వెనక వీధి, వాటర్ ట్యాంకు ఎదురు, వేపచెట్టు ఉన్న ఇల్లు" అంటారు. కదలకుండా ఉండే పెద్ద గుర్తులు చెప్పి, వాటిని బట్టి ఇంటికి దారి చూపిస్తారు.

అంతరిక్షంలో కూడా శాస్త్రవేత్తలు ఇదే పద్ధతి వాడారు. అక్కడ రామాలయాలు లేవు గానీ పల్సర్లు ఉన్నాయి. పల్సర్ అంటే చాలా వేగంగా తిరుగుతూ, దీపస్తంభంలా రేడియో వెలుగుని తిప్పే నక్షత్రం. 1967లో జోసెలిన్ బెల్ అనే విద్యార్థిని మొదటి పల్సర్‌ని కనిపెట్టింది. అది 1.337 సెకన్లకి ఒకసారి 'టిక్' మంటుంది. ప్రతి పల్సర్‌కీ తనదైన తాళం ఉంటుంది. తాళం వింటే అది ఏ పల్సరో గుర్తుపట్టవచ్చు.

1972లో పయనీర్ 10 నౌక మీద ఒక పలక అమర్చారు. శాస్త్రవేత్తలు ఫ్రాంక్ డ్రేక్, కార్ల్ సేగన్ ఆ పలక మీద 14 పల్సర్లను గుర్తులుగా పెట్టి, వాటి మధ్య మన సూర్యుడు ఎక్కడున్నాడో గీతలతో చూపించారు. ఒక్కొక్క గీత పక్కన ఆ పల్సర్ తాళం ఎంతో ఒకట్లు, సున్నాలలో రాశారు. పల్సర్ల తాళం కాలం గడిచేకొద్దీ కొంచెం కొంచెం నెమ్మదిస్తుంది. కాబట్టి ఆ పలక దొరికిన వాళ్ళకి మనం ఎక్కడ ఉన్నామో ఒక్కటే కాదు, దాన్ని ఎప్పుడు రాశామో కూడా తెలుస్తుంది. ఇదే పటాన్ని 1977లో రెండు వాయేజర్ల మీదా పెట్టారు.

4. భాష: చెత్తలోంచి మాట ఏరడం

వాయేజర్‌కి ఒక జత ఉంది, వాయేజర్ 1. అది 1977 సెప్టెంబరు 5న బయలుదేరింది. మనుషులు చేసిన వస్తువుల్లో అన్నిటికంటే దూరం వెళ్ళింది అదే. 2026 నవంబరు నాటికి దాని దూరం ఒక కాంతి దినం అవుతుందని లెక్క. అంటే మన మాట చేరడానికే ఒక రోజు పడుతుంది.

2023 నవంబరులో దానికి వేరే జబ్బు చేసింది. అది ఇంటి వైపే చూస్తోంది, మాట్లాడుతూనే ఉంది. కానీ మాటలకి అర్థం లేదు. ఒకట్లూ సున్నాలూ ఒకే వరసలో మళ్ళీ మళ్ళీ వచ్చేవి. చింటూ పెట్టె అయితే 'చెత్త' అని తుడిచేసేది.

2024 మార్చి మొదట్లో ఇంజనీర్లు నౌకలోని కంప్యూటరుని మెల్లగా 'పొడిచి' చూసే ఒక ఆదేశం పంపారు. వెనక్కి వచ్చిన జవాబు మామూలు పద్ధతిలో లేదు. కానీ ఆ యాంటెన్నాల దగ్గర పనిచేసే ఒక ఇంజనీరు దాన్ని విప్పి చదివి, అందులో ఆ కంప్యూటరు జ్ఞాపకం అంతా ఉందని కనిపెట్టారు. దాన్ని పాత ప్రతితో పోల్చి చూస్తే జబ్బు తెలిసింది. ఒక్క చిప్ పాడైంది. దానితో ఆ జ్ఞాపకంలో సుమారు 3 శాతం చెడింది.

నేను రోజూ చేసేది సాఫ్ట్‌వేర్ పనే కాబట్టి ఈ భాగం చదువుతుంటే ఒళ్ళు పులకరించింది. ఒక్కొక్క వాయేజర్‌లో ఉన్న కంప్యూటర్లన్నిటి జ్ఞాపకం కలిపినా సుమారు 70 కిలోబైట్లు. మీ ఫోనులో ఒక్క ఫోటో కూడా అందులో పట్టదు. కొత్త చిప్ పంపించే వీలు లేదు. అందుకని పాడైన చోట ఉన్న ప్రోగ్రాముని ముక్కలు చేసి, మిగతా చోట్ల ఉన్న కాస్త కాస్త ఖాళీల్లో సర్దారు. ఇరుకు ఇంటికి చుట్టాలు వస్తే తలా ఒక గదిలో పడుకోబెట్టినట్టు! ఆదేశం వెళ్ళడానికి 22.5 గంటలు, జవాబు రావడానికి 22.5 గంటలు. 2024 ఏప్రిల్ 20న వాయేజర్ 1 ఐదు నెలల తర్వాత అర్థమయ్యే మాట పలికింది.

గమనించారా? రేడియో పనిచేస్తేనే సరిపోలేదు. వచ్చిన చప్పుడులో అర్థం ఉందని గుర్తుపట్టే మనిషి ఈ చివర ఉండాలి. ఆ భాష తెలిసిన మనిషి.

ఇప్పుడు మీకు ఒక బహుమతి లాంటి వార్త. వాయేజర్లు రెండిటి మీదా బంగారు పూత పూసిన గ్రామఫోను రికార్డు ఒకటి ఉంది. అందులో భూమి మీద వినిపించే చప్పుళ్ళు, సంగీతం, బొమ్మలు ఉన్నాయి. ఒక తల్లి పసిపాపని ముద్దుపెట్టుకునే చప్పుడు కూడా ఉంది. కేసర్‌బాయి కేర్కర్ పాడిన భైరవి రాగం ఉంది. ఇంకా 55 భాషల్లో పలకరింపులు ఉన్నాయి. ఇంగ్లీషు పలకరింపు చెప్పింది కార్ల్ సేగన్ కొడుకు నిక్. అప్పుడు వాడికి ఆరేళ్ళు, మన బాలవాడి పిల్లల వయసు. మన దేశపు భాషల్లో హిందీ, బెంగాలీ, గుజరాతీ, మరాఠీ, కన్నడ, ఒరియా, పంజాబీ, ఉర్దూతో పాటు ఉన్న ఇంకో భాష ఏమిటో తెలుసా? తెలుగు! నమస్తే చెప్పి, తెలుగు మాట్లాడే వాళ్ళందరి తరఫున శుభాకాంక్షలు చెబుతుంది ఆ గొంతు. ఎప్పటికైనా ఆ రికార్డు ఎవరి చేతికి చిక్కినా, వాళ్ళు వినే భూలోకపు భాషల్లో మనదీ ఒకటి.

5. భాషా భాగం: ఒక్క మాటలో నాలుగు సంగతులు

చింటూకి గరగరల మధ్య వినపడింది రెండు ముక్కలే. అయినా అర్థం అయింది. ఎలా? 'తిన్నావా' అనే మాటని విడదీసి చూద్దాం. ఏం చేయడం? తినడం. ఎప్పుడు? ఇదివరకే. ఎవరు? నువ్వు. ఆ చివరి దీర్ఘం ఏమిటి? ప్రశ్న. నాలుగు సంగతులు ఒక్క మాటలో ఇమిడిపోయాయి. ఇదే ఇంగ్లీషులో అడగాలంటే ఒక్క మాట సరిపోదు.

'తిన్నావా' అంటే అడిగే వాళ్ళకీ మనకీ ఉన్న వరస కూడా తెలుస్తుంది. తాతయ్యని అడిగేటప్పుడు 'తిన్నారా' అనాలి. స్నేహితుణ్ణి 'తిన్నావా' అనవచ్చు.

ఇక 'నాన్నా' సంగతి. నాన్న అంటే తండ్రి. కానీ మన ఇళ్ళలో తండ్రి కొడుకునీ, తల్లి కొడుకునీ 'నాన్నా' అని పిలుస్తారు. కూతుర్ని 'అమ్మా' అని పిలుస్తారు. ముద్దు ఎక్కువైనప్పుడు పిల్లల్ని తమ అమ్మానాన్నల వరసలో పెట్టి పిలుచుకుంటారన్నమాట. ఇది పెట్టె నిఘంటువులో లేదు. ఇంట్లో వింటేనే తెలుస్తుంది.

కొత్త మాటలు:
అంతరిక్షం – భూమి గాలి దాటాక ఉండే చోటు
సంకేతం – సిగ్నల్. కబురు తెలిపే గుర్తు
చిరునామా – అడ్రసు
నిఘంటువు – మాటలకి అర్థాలు చెప్పే పుస్తకం, డిక్షనరీ
ధ్వని – చప్పుడు
దిగంతం – ఆకాశం నేలని తాకినట్టు కనిపించే చోటు
లీలగా – స్పష్టంగా కాకుండా, కొద్దికొద్దిగా
తిరునాళ్ళు – గుడి దగ్గర ఏటేటా జరిగే ఉత్సవం, జాతర

6. పెద్దలకు ఒక మాట

మన పిల్లలు ఐదారేళ్ళ వరకు ఇంట్లో గలగలా తెలుగు మాట్లాడతారు. స్కూలుకి వెళ్ళడం మొదలయ్యాక మనం తెలుగులో అడిగితే ఇంగ్లీషులో జవాబు చెబుతారు. పది పన్నెండేళ్ళు వచ్చేసరికి "ఊఁ", "ఆఁ" మిగులుతాయి. అప్పుడు చాలామంది తల్లిదండ్రులు అలసిపోయి తామూ ఇంగ్లీషులోకి మారిపోతారు. ఉద్యోగాలు చేసి ఇంటికొచ్చి ఒకే మాట రెండుసార్లు చెప్పే ఓపిక ఎవరికి ఉంటుంది? ఆ అలసట నాకూ తెలుసు.

కానీ ఆ "ఊఁ"ని కాన్‌బెర్రాలో వినపడిన గుండె చప్పుడులా చూడమని నా మనవి. అందులో సమాచారం లేదు, నిజమే. కానీ మన మాట చేరుతోందని తెలుస్తోంది. చేరుతున్నంత కాలం పిలుస్తూనే ఉండవచ్చు. జవాబు ఇంగ్లీషులో వచ్చినా ప్రశ్న తెలుగులోనే అడగండి. వినడం వచ్చిన పిల్లలకి మాట్లాడడం తర్వాతైనా వస్తుంది. వినడమే పోతే మళ్ళీ తేవడం చాలా కష్టం.

ఇంకొక సంగతి. ఇండియాలో అమ్మమ్మలు, తాతయ్యలు ఫోనులో అడిగేవి పెద్ద ప్రశ్నలు కావు. అన్నం తిన్నావా, ఏం కూర, బడికి వెళ్ళావా, ఎప్పుడొస్తావు. ఈ నాలుగిటికీ పిల్లవాడు మన సాయం లేకుండా జవాబు చెప్పగలిగితే, అవతలి వాళ్ళకి అది ఎంత తృప్తి! ఆ పెద్దవాళ్ళు ఉన్నన్నాళ్ళే ఆ ప్రశ్నలు. మనం మధ్యలో కూర్చుని అనువాదం చేస్తుంటే పిల్లలకి అందేది మాటల అర్థం వరకే. ఆ పిలుపులో ఉన్న 'నాన్నా' అనువాదంలో రాదు.

7. అభ్యాసం

అ) ఒక్క వాక్యంలో జవాబు రాయండి.
1. చింటూ అరుపు బయటికి ఎందుకు వినపడలేదు?
2. తిరునాళ్ళలో అమ్మ చింటూకి చెప్పిన జాగ్రత్తలు ఏమిటి?
3. వాయేజర్ 2తో మాట్లాడడానికి కాన్‌బెర్రా యాంటెన్నానే ఎందుకు వాడాలి?
4. కనోపస్ నక్షత్రానికి మన పేరు ఏమిటి?

ఆ) లెక్క: రేడియో సంకేతం సెకనుకి 3 లక్షల కిలోమీటర్లు పోతుంది. అమ్మ మాట చింటూకి చేరడానికి 4 గంటలు పట్టింది. నౌక ఎంత దూరంలో ఉంది? జవాబు కోట్లలో చెప్పండి. (432 కోట్ల కిలోమీటర్లు వస్తే మీ లెక్క సరైనదే. సూర్యుడి నుంచి నెప్ట్యూన్ దూరం కంటే కొంచెమే తక్కువ.)

ఇ) మర్యాదగా మార్చండి: తిన్నావా, వచ్చావా, ఎక్కడున్నావు, ఎప్పుడొస్తావు.

ఈ) ఇండియాలో మీ తాతయ్య వాళ్ళ ఇంటికి చిరునామా రాయండి. ఇంటి నంబరు రాయకూడదు. గుర్తులు మాత్రమే చెప్పాలి. ఎన్ని గుర్తులు కావాలో తాతయ్యకి ఫోను చేసి మీరే అడగండి.

ఉ) కథ పూర్తి చేయండి: చింటూ మైకు పట్టుకున్నాడు. ఒక్క నిమిషమే సమయం. వాడి మాట నాలుగు గంటల తర్వాత అమ్మకి చేరుతుంది. మధ్యలో గరగరలు ఉంటాయి కాబట్టి చిన్న చిన్న మాటలే వాడాలి. చింటూ ఏం చెప్పాడు? పది వాక్యాలకి మించకుండా తెలుగులో రాసి, బడి తెరిచాక మొదటి తరగతికి తీసుకురండి. అందరివీ గట్టిగా చదివించి వింటాను.